మలుపు దాకా నడిచిన మట్టిపిల్ల

మట్టిబొమ్మ ఒక అడుగు వేయాలంటే ఐదు ఫోటోలు కావాలి. మొదటి ఫోటోకు మడమ లేపాలి. రెండోదానికి కాలు నేల విడవాలి. మూడోదానికి మోకాలు ముందుకు రావాలి, నాలుగోదానికి పాదం దిగాలి, ఐదోదానికి ఒళ్ళంతా ఆ కాలి మీదికి వాలాలి. ఇట్లా తీసిన ఫోటోలు పది కలిస్తే తెర మీద ఒక్క సెకను. అంటే సెకనుకు రెండడుగులు. ఈ లెక్క నాకు నేర్పిన అమ్మాయికి అప్పుడు ఇరవై మూడేళ్ళుంటాయేమో. నాకు నలభై దాటాయి. అక్షరాలు వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు.

మాది ఇల్లందు నుంచి అడవి లోపలికి పోయే దారిలో చిన్న ఊరు. నా పెనిమిటి పొద్దున్నే మోటారు సైకిలు మీద ఇల్లందు పోయి, బొగ్గు గనుల దగ్గర కాంట్రాక్టు పని చేసి పొద్దుగూకే వేళకు వచ్చేవాడు. నేను కూలికి పోయేదాన్ని. వరికోతలు, మిరపకాయ ఏరడం, ఎండాకాలం బీడీలకు తునికాకు కోయడం. ఊళ్ళో ఎవరింట్లో పొయ్యి పగిలినా నన్నే పిలిచేవాళ్ళు. పుట్టమన్ను తెచ్చి, ఊక కలిపి, తొక్కి, నేను పెట్టిన పొయ్యి మూడు వానాకాలాలు నిలిచేది. మా అత్త మాతోనే ఉండేది. నేను పనికి పోతే నా కూతురిని చూసుకున్నది ఆమే.

నాకు ఒక్కతే బిడ్డ. తొమ్మిదేళ్ళకు పోయింది. వానాకాలం జ్వరం. సోమవారం పొద్దున బడికి పోయింది. మధ్యాహ్నానికి వణుక్కుంటూ ఇంటికి వచ్చింది. గురువారం జీపులో దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయింది. వాగు అవతల గడ్డ మీద మట్టి చేశాం.

దాని ఫోటో ఒక్కటి కూడా లేదు. బళ్ళో పిల్లలందరినీ నిలబెట్టి ఫోటో తీసిన రోజున నేను దాన్ని తునికాకు కోతకు నా వెంట తీసుకుపోయాను. అది పోయాక బడి సారు ఆ ఫోటో ఇంటికి తెచ్చి చూపించాడు. ఏ మూలనైనా ఉందేమోనని నేనూ వెతికాను, లేదని తెలిసి కూడా.

ఫోటో లేకపోవడం కంటే నన్ను ఎక్కువ తిన్నది ఇంకొకటి. మా ఇంటి ముందు నుంచి బడి దారి తిన్నగా పోయి, ఈతచెట్ల దగ్గర మలుపు తిరుగుతుంది. మలుపు దాటితే మనిషి కనపడదు. అది రోజూ ఆ మలుపులో ఆగి, వెనక్కి తిరిగి చూసేది. నేను వాకిట్లో నిలబడి చెయ్యి ఎత్తేదాన్ని. అప్పుడు పోయేది. ఆ సోమవారం అది సగం దారిలో ఉండగా లోపల ఎసరు పొంగి మంటలో పడ్డ చప్పుడైంది. పరుగెత్తి పోయి, మూత తీసి, కట్టె వెనక్కి లాగి వచ్చేసరికి దారి ఖాళీగా ఉంది. అది తిరిగి చూసిందో లేదో. చూస్తే, నేను కనపడనందుకు ఎంతసేపు నిలబడిందో. జ్వరంతో పడుకున్న మూడు రోజుల్లో ఆ మాట అడగాలని నాకు తోచలేదు. తర్వాత రోజూ తోచింది.

మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు నడిచే చదువు సెంటరుకు నేను పోయింది కూడా దాని కోసమే. దాని నోటుబుక్కు ఒకటి దొరికింది. అందులో ఏముందో చదవాలనుకున్నాను. ఏడాదిన్నర పట్టింది. చదవడం వచ్చాక చూస్తే ఎక్కాలు, ఋతువుల పేర్లు, చెట్టు వలన ఉపయోగాలు. నా గురించి ఏమీ లేదు. బడి పుస్తకంలో నా గురించి ఎందుకుంటుంది? అయినా చివరి అట్ట దాకా చూశాను.

ఆ ఏడాది వరికోతలు అయిపోయి, మిరప ఏరడం ఇంకా మొదలు కాని రోజుల్లో ఆ అమ్మాయి వచ్చింది. ఖమ్మంలో ఖానాపురం హవేలి వైపు ఇల్లట. బస్సులో ఇల్లందు దాకా వచ్చి, అక్కడి నుంచి ఆటోలో వచ్చేది. చిన్న కెమెరా, మూడు కాళ్ళ స్టాండు, మడత పెట్టే కంప్యూటరు ఆమె సామాను. చదువు సెంటరు ఆడవాళ్ళతో బొమ్మల సినిమా చేయించాలని, పన్నెండు రోజుల్లో పూర్తి కావాలని, తర్వాత మండలంలో అన్ని ఊళ్ళ సినిమాలూ కలిపి వేస్తారని చెప్పింది. మేం ఆమెను మేడమని పిలిచేవాళ్ళం.

మొదటిరోజు ఆమె మా పక్కింటామె చెప్పు ఒకటి అడిగి తీసుకుంది. పక్కింటామె వరసకు నాకు మరదలు. నోరు ఆగదు.

"నా చెప్పు ఎందుకు మేడం? తెగిందని నవ్వుదామనా?"

"తెగినా నడుస్తుందమ్మా, చూడండి."

స్టాండు మీద కెమెరాను కదలకుండా బిగించింది. స్టాండు కాళ్ళ చుట్టూ నేల మీద సుద్దతో గీసింది. చెప్పును గడప దగ్గర పెట్టి ఒక ఫోటో తీసింది. వేలెడు జరిపి ఇంకొకటి. మళ్ళీ వేలెడు, మళ్ళీ ఒకటి. మాకు విసుగు వచ్చేదాకా అట్లా తీసి, అన్నిటినీ కంప్యూటరులో వేసి వరసగా తిప్పింది. చెప్పు దానంతట అదే గడప దాటి బయటికి పోయింది.

"ఓయమ్మో! నా కంటే ముందే ఇంటికి పోతాంది," అంది మరదలు. "ఇంకో చెప్పు గిట్ల పోకుంట కట్టెయ్యున్రి!"

అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. తర్వాత మమ్మల్నే తీయమంది. మేం జానెడు జానెడు జరిపాం. నాటేసేటప్పుడు వెనక్కి అడుగులు వేసే అలవాటు మాది, చెప్పుకూ అంతే దూరం పెట్టాం. తెర మీద అది కప్పలాగా గెంతింది. ఒక ఫోటోలో మరదలి గాజుల చెయ్యి పడింది.

"అది తీసెయ్యాలమ్మా. చెయ్యి కనపడకూడదు. దానంతట అదే నడుస్తున్నట్టుండాలి."

"ఎందుకు తియ్యాలె? నడిపిచ్చింది నేనైతే!" అని మరదలు పోట్లాడింది. తీసేసిన తర్వాత ఆ రోజంతా ముఖం ముడుచుకునే ఉంది.

రెండోరోజు కథ ఏం చేద్దామని మేడం అడిగింది. ఒకామె మక్కచేను మీద పడ్డ పందుల కథ అంది. ఇంకొకామె తాగి వచ్చిన మొగుడి కథ అంటే అందరూ ఆమె మొగుడి పేరు చెప్పి నవ్వారు. చివరికి బడికి పోయే పిల్ల కథ అని తేలింది. పిల్ల ఇంట్లోంచి బయటికి వస్తుంది, దారంట నడుస్తుంది, బడికి చేరుతుంది. చిన్న కథ, మొదటిసారి చేసేవాళ్ళకు ఇదే మంచిదని మేడం అంది. ఆమెకు ఏమీ తెలియదు. మా ఊరి ఆడవాళ్ళకు మాత్రం గుర్తొచ్చి తలలు దించుకున్నారు.

"పిల్లను నేను చేస్త," అన్నాను.

మేడం ఖమ్మం నుంచి రంగు రంగుల మెత్తటి మట్టి తెచ్చింది గానీ అది మా చేతుల వేడికే జిడ్డుగా సాగిపోయింది. నేను పుట్టమన్ను జల్లెడ పట్టి, దూది కలిపి పిసికాను. తలా ఒళ్ళూ పాదాలూ మట్టివి. కాళ్ళూ చేతులూ మెడా మాత్రం ఇనుప తీగ, పైన గుడ్డ పేలికలు చుట్టాం, వంచితే వంగాలి కాబట్టి. బొటనవేలితో ముక్కు తీర్చాను. ఎవరి ముక్కూ అనుకోలేదు. చేతికి అదే వచ్చింది.

గుడ్డ కావాల్సి వచ్చింది. మా దగ్గర పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో పెట్టుకోరు. దాని గౌన్లు, బడి లంగాలు అన్నీ మా అత్తే మూట కట్టి దానితోపాటే వాగు అవతలికి పంపింది. ఒక్కటి మిగిలింది. చిరిగిపోయిన పాత నీలం లంగాను నేను అంతకు ముందే మసిగుడ్డ చేశాను. కుండలు దించే గుడ్డ అది, పొయ్యి పక్కనే పడి ఉండేది. ఎవరి కంటా పడలేదు. మూడేళ్ళు ఆ గుడ్డతోనే అన్నం దించాను. దాన్ని ఉతికి, మసి పట్టని చోట కత్తిరించి, బొమ్మకు లంగా కట్టాను.

ఫోటోలు తీయడం మొదలైంది. కొందరు అట్టపెట్టెలతో ఇల్లు, పుల్లలతో చెట్లు చేశారు. బల్ల మీద జల్లెడ పట్టిన ఎర్రమన్ను పరిచి దారి చేశాం. దారి చివర మలుపు పెట్టింది నేనే. మేడం కెమెరా నొక్కేది, మరదలు ఫోటోలు లెక్కపెట్టేది, నేను బొమ్మను జరిపేదాన్ని. ఊపిరి బిగబట్టి, మడమ లేపి చెయ్యి తీసేదాన్ని. "ఊఁ" అంటే టిక్కున చప్పుడయ్యేది. మళ్ళీ చెయ్యి పెట్టేదాన్ని. సాయంత్రం ఆపేటప్పుడు బొమ్మ పాదాల చుట్టూ సుద్దముక్కతో గీత గీయాలి. మరునాడు సరిగ్గా ఆ గీతల్లో నిలబెడితే నడక తెగదు. అది మేడం చెప్పిన ఉపాయం. ఎర్రమన్ను మీద సుద్ద నిలవకపోతే నేను ముగ్గుపిండి పోసేదాన్ని. గీత గీసి, బొమ్మను బుట్టలో పెట్టి ఇంటికి తెచ్చేదాన్ని. సెంటరులో పెడితే మేకలు దూరతాయి. ఇంట్లో అటక మీద పెట్టి, బల్లులు పాకకుండా పైన తెల్లగుడ్డ కప్పేదాన్ని.

ఫోటోలు మొదలైన మూడోనాడు మేడం తీసినంత వరకు తిప్పి చూసుకుంది. "అమ్మా, ఎడమ కాలు ప్రతిసారీ వంకరగా పెడుతున్నారు. పాదం మొత్తం ఆనడం లేదు, బయటి అంచు మీద నిలబడుతోంది. సరిచేద్దామా?"

నా కూతురు ఏడాదిన్నర పిల్లప్పుడు పొయ్యి ముందు తీసిన నిప్పుల్లో కాలు పెట్టింది. ఎడమ పాదం చిటికెన వేలు పక్కవేలికి అతుక్కుపోయింది. అప్పటి నుంచీ ఆ పాదాన్ని అంచు మీద ఆనించే నడిచేది. నేను కావాలని చేయలేదు. చెయ్యి అట్లా పెట్టుకుంటూ పోయింది.

"ఏదీ, మాకూ చూపియ్యున్రి," అని ఆడవాళ్ళు ముందుకు వంగారు.

పన్నెండు సెకన్లు. పిల్ల గడప దిగింది. అడుగు తర్వాత అడుగు వేస్తూ పోయింది. మేం రోజూ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా తీసినందువల్ల కిటికీలోంచి పడే వెలుగు జరిగి, నీడ మూడుసార్లు పొడుగైంది. పన్నెండు సెకన్లలో మూడు పగళ్ళు నడిచినట్టుంది. నీలం లంగా కొంచెం కొంచెం అదిరింది. ఎడమ పాదం అంచు మీద, కుడిపాదం తిన్నగా.

ఎవరూ నవ్వలేదు. మరదలు ఒక్కతే నెమ్మదిగా అంది, "వదినా, గిది నీ బిడ్డ నడకే గదనే."

"అవ్," అన్నాను.

మేడం మా ముఖాలు చూసింది. మరదలు ఆమెను పక్కకు తీసుకుపోయి చెప్పింది. మేడం వచ్చి నా పక్కన కూర్చుంది. కెమెరా తోలు పట్టీ చుడుతూ విప్పుతూ ఉంది. "నడక అట్లాగే ఉంచుదాం అమ్మా," అంది చివరికి.

అప్పుడు నేను అడిగాను. "మేడం, మలుపు కాడ దాన్ని ఎనకకు తిప్పొచ్చా? ఒక్కసారి తిరిగి చూసి పోవాలె."

"ఎందుకు తిప్పలేం? మెడలో తీగ ఉంది కదా. పది ఫోటోలు. నెమ్మదిగా తిప్పాలి, పైట చెంగు కూడా తగలకూడదు. చివరిరోజు చేద్దాం."

ఆ తర్వాతి రోజుల్లో నేను ఇంకే పని చేసినా ఆ పది ఫోటోలనే తలుచుకునేదాన్ని. బియ్యం చెరుగుతూ మెడ ఎంతెంత తిప్పాలో లెక్కవేసుకునేదాన్ని. మొదట గడ్డం కదలాలి. తర్వాత ముక్కు. కళ్ళు నా వైపు వచ్చేసరికి ఏడో ఫోటో. ఎనిమిది, తొమ్మిది, పదిలో అది నన్ను చూస్తూ ఉంటుంది. వాకిట్లో నేను చూడకుండా పోయినది అంతే ఉండి ఉంటుంది, ఒక్క సెకను. ఆ ఒక్కటి చూస్తే చాలనుకున్నాను.

పదకొండోనాటి సాయంత్రం పిల్ల మలుపు చేరింది. పాదాల చుట్టూ ముగ్గుపిండి పోసి, బొమ్మను ఇంటికి తెచ్చుకున్నాను. నా వెనకే మరదలు వచ్చింది. మా అత్త వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. ఆమె కళ్ళకు పొర కమ్మి అప్పటికే కొన్నేళ్ళు. గొంతును బట్టి మనుషులను పోల్చుకునేది.

"ఓ పెద్దమ్మా, రేపు నీ మనవరాలు ఎనకకు తిరుగుతదంట!" అంది మరదలు సంబరంగా. "మూడు దినాలాయె వదిన గదే పాట."

"ఎవరు తిరుగుతరు?" అంది అత్త.

మరదలు అంతా చెప్పింది. నడక సంగతి, లంగా సంగతి, మలుపు సంగతి. అత్త లోపలికి వచ్చి, "ఏదీ, తే," అంది. బుట్ట దించి ఇచ్చాను. తెల్లగుడ్డ తొలగించి, బొమ్మను కళ్ళకు ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని చూసింది. లంగా అంచును రెండు వేళ్ళతో నలిపింది. గుడ్డను వాసన చూసింది.

"మసి వాసనొస్తాంది," అని తిరిగి ఇచ్చేసింది. నేను బుట్టను అటక మీద పెట్టి వంటకు కూర్చున్నాను.

మా దగ్గర మనిషిని మట్టి చేసి వచ్చేటప్పుడు ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. పోయినవాళ్ళకు మళ్ళీ మన మీద ఆశ పుడుతుందని, దారి తప్పుతారని అంటారు. బిడ్డను మట్టి చేసి వాగు దాటి వచ్చేటప్పుడు మా వెనక వచ్చిన పెద్దమనిషి నా మెడ మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు, నేను తిరగకుండా. ఇదంతా నాకు తెలుసు. తెలిసినా, సినిమాకూ దీనికీ ముడి ఉంటుందని నాకు ఊహ లేదు. మట్టిబొమ్మే కదా అనుకున్నాను. అన్ని రోజులూ దాన్ని పిల్ల పిల్ల అని పిలిచింది నేనే.

పొద్దున లేచి వాకిలి ఊడ్చి వచ్చి చూస్తే బుట్టలో తెల్లగుడ్డ మడత పెట్టి ఉంది. బొమ్మ లేదు. అత్త కాళ్ళు కడుక్కుని గడప ఎక్కుతోంది. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి.

"బొమ్మ ఏదత్తా?"

"ఎక్కడుండాల్నో అక్కడుంది."

నాకు అర్థమైంది. తర్వాత వాగు దాకా ఎట్లా పోయానో తెలియదు. ఆ రోజుల్లో వాగులో నీళ్ళు పిక్కల దాకే. గడ్డకు ఎదురుగా, రాళ్ళ మధ్య ఇనుప తీగ తగిలింది. కాళ్ళు, చేతులు, మెడ. పేలికలు తడిసి అంటుకుని ఉన్నాయి. నీలం గుడ్డ ఒక రాతికి చిక్కుకుంది. తల ఉండాల్సిన చోట నీళ్ళు కొంచెం ఎర్రగా ఉన్నాయి, అంతే. కాల్చని మట్టి నీళ్ళలో ఎంతసేపు నిలుస్తుంది? పొయ్యిలు పెట్టేదాన్ని, నాకు తెలియదా.

తీగ పట్టుకుని ఇంటికి వచ్చాను. జీవితంలో మా అత్తను నేను ఎదురించింది అదొక్కసారే.

"ఎందుకు చేసినవ్? నీ మనవరాలు కాదా అది?"

"నా మనవరాలు గనకనే." ఆమె గొంతు పెంచలేదు. "ఇసిరెయ్యలే. మెల్లగ దించిన. నీళ్ళు సల్లగున్నయేమోనని ముందుగాల చెయ్యి పెట్టి చూసిన."

"అత్తా!"

"అరవకు. నడిస్తే నడిచింది, బడికి పోతాంది అనుకున్న. తిప్పుడేందే? పోయేదాన్ని ఎనకకు తిప్పుతరా ఎవలన్న? మలుపు కాడ నిలబడి నిన్ను చూస్తే అదెట్ల పోతది? మల్ల ఇంటికే నడిచొస్తే పెట్టుకుంటవా?"

"పెట్టుకుంట," అన్నాను.

ఆమె గోడకు చేరగిలబడి కూర్చుని, తడిసిన కుచ్చెళ్ళు పిండుకుంటూ ఉండిపోయింది. నా పెనిమిటి గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూసి, అన్నం తినకుండానే పనికి పోయాడు.

మధ్యాహ్నం మేడం తీగను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "ఇంకో రెండు రోజులు ఉంటాను. తీగ ఉంది కదా, మళ్ళీ మట్టి వేద్దాం అమ్మా," అంది. వేశాను. అదే పుట్టమన్ను, అదే దూది. ముక్కు పొడుగైంది. చెరిపి మళ్ళీ తీర్చితే చప్పిడిదైంది. మూడుసార్లు చేశాను. మూడోది చక్కటి బొమ్మే, ఎవరిదో పిల్ల. మలుపులో నిలబెట్టి చూసి, నేనే తీసేశాను. ఆ మన్ను వృథా పోనీయకుండా మరదలి పొయ్యి పగులుకు పూశాను.

"మరి సినిమా ఎట్ల?" అంది మరదలు. అప్పటికి ఆమెకు తన నోటి మీద తనకే కోపంగా ఉంది. బల్ల మీద మన్ను తుడవడానికి తడిగుడ్డ పట్టుకుని నిలబడింది. మలుపులో రెండు పాదాల చుట్టూ పోసిన ముగ్గు అట్లాగే ఉంది. ఎడమది సన్నగా, అంచు మేరకే. "గివి తుడవనా వదినా?"

"వద్దు," అన్నాను. "మేడం, గట్లనే పది ఫోటోలు తియ్యున్రి. ఖాళీ దారి."

జరపడానికి ఏమీ లేదు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. మరదలు ఒకటి, రెండు, మూడు అని పది దాకా లెక్కపెట్టింది.

వారం తర్వాత మండలంలో సినిమాలు వేసే రోజున "నేనూ వస్త," అంది అత్త. ఆ వారం రోజులూ నేను ఆమెతో మాట్లాడలేదు. అన్నం పెట్టేదాన్ని, నీళ్ళు అందించేదాన్ని, అంతే. రావద్దని చెప్పాలన్నా మాట్లాడాలి కాబట్టి ఊరుకున్నాను. ఆటోలో మా మధ్య మరదలు కూర్చుంది.

హాలు కిటికీలకు దుప్పట్లు కట్టి మధ్యాహ్నమే చీకటి చేశారు. గోడకు తెల్లబట్ట. వేరే ఊరి వాళ్ళు కాకిని చేశారు. ఇంకొకరు చింతగింజలతో బతుకమ్మ పేర్చారు, ఒక్కొక్క గింజా దానంతట అదే వచ్చి కూర్చుంది. చప్పట్లు కొట్టారు. మాది నాలుగోది. అత్త జనాన్ని నెట్టుకుని పోయి తెర ముందే చాప మీద కూర్చుంది, కళ్ళు ఆనవని. నేను గోడ వారన నిలబడ్డాను.

పిల్ల గడప దిగింది. నడిచింది. గోడ మీద అది మనిషి పిల్లంత ఉంది. తిరగదని నాకు తెలుసు. పది ఫోటోలూ తీయించింది నేనే. అయినా మలుపు దగ్గరికి వస్తుంటే చెయ్యి దానంతట అదే సగం లేచింది. ముందు వరసలోంచి అత్త గొంతు వినిపించింది. ఎవరితోనో కాదు, తెరతో అంటోంది. "పో తల్లీ. పైలంగ పో."

పిల్ల మలుపులో నిలబడింది. మరుక్షణం అక్కడ లేదు. తెల్లటి పాదాల గుర్తులు రెండు ఒక సెకను ఉన్నాయి, తర్వాత తెర తెల్లబడింది. అయిపోయిందని తెలియక జనం వెంటనే చప్పట్లు కొట్టలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కోసం కూర్చున్నాం. మరదలు సోడాలు తేవడానికి పోయింది. అత్తా నేనూ బల్ల మీద ఆ కొసనా ఈ కొసనా ఉన్నాం. కాసేపటికి ఆమె అంది, "గా దినం అది తిరిగి చూసింది."

నేను తల తిప్పాను.

"సోమారం. నువ్ లోపటికి ఉరికినవ్, అన్నం పొంగిందని. నేను మంచం మీదున్న. మలుపు కాడ నిలబడి తిరిగింది. నువ్ లేవని నేనే చెయ్యెత్తిన. చూసి పోయింది." చెప్పి, ఎట్లా ఎత్తిందో చూపించడానికి ఎండిపోయిన చెయ్యి భుజం దాకా లేపింది. "నువ్వు గంత మనాది పెట్టుకున్నవని నాకెట్ల ఎరుక? నువ్వెప్పుడడిగినవ్?"

బస్సు వచ్చింది. ఆమెను రెక్క పట్టుకుని ఎక్కించాను. ఆమె పక్కనే కూర్చున్నాను.

మరుసటి ఏడు ఆమె కళ్ళకు ఆపరేషన్ చేయించాం. పొర తీసిన డాక్టరు ఇది చాలా ఏళ్ళ నుంచి ఉందమ్మా, ఇన్నాళ్ళూ ఎట్లా నెట్టుకొచ్చారు అన్నాడు. మా వాకిట్లో మంచం మీది నుంచి ఈతచెట్లు నూరు గజాల పైనే ఉంటాయి. ఆ సోమవారం ఆమె చూపు అంతదూరం ఆనిందా అని నేను అడగలేదు. ఆ తర్వాత ఆమె ఆరేళ్ళు బతికింది. నేను ఒక్కరోజు కూడా అడగలేదు.